కెనాన్ 1500డి, 18–55 లెన్స్, మామూలు ట్రైపాడ్‌తో పాలపుంతను తీయగలమా? (హనుమకొండ, పరకాల ప్రాంతం)

హనుమకొండ డాబా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర కెనాన్ 1500డి కెమెరా, దానితో పాటే వచ్చిన 18–55 లెన్స్, తేలికపాటి అల్యూమినియం ట్రైపాడ్ ఉన్నాయి. ఇంట్లో వేడుకల కోసం కొన్న ఈ కెమెరాతో కొంతకాలంగా రాత్రి ఆకాశాన్ని తీయాలని చూస్తున్నాను. హనుమకొండలో మా డాబా మీద 30 సెకన్ల ఎక్స్‌పోజర్ (సెన్సర్ మీద వెలుతురు పడే సమయం) పెడితే ఆకాశమంతా బూడిద, నారింజ రంగులు కలిసినట్టు వెలిసిపోయి, చుక్కలు దూదిపింజల్లా ఉబ్బి కనిపిస్తున్నాయి. పరకాల దగ్గర మా అక్కవాళ్ల ఊరిలో అవే సెట్టింగులతో తీస్తే ఆకాశం నల్లగానే వచ్చింది కానీ ప్రతి చుక్కా చిన్న గీతగా సాగింది. ఆ ఊరిలో తెల్లవారుజామున పాలపుంత కంటికి పలుచగా కనిపిస్తుంది. ఫోటోలో మాత్రం దాని జాడే లేదు. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచితే ఫోటో గరుకుగా వస్తుందని చాలామంది చెప్పినందువల్ల 400 దాటించలేదు.

ఎఫ్ 2.8 వైడ్ లెన్స్ (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎక్కువ వెలుతురు, వైడ్ అంటే ఎక్కువ వెడల్పు పట్టేది) లేనిదే పాలపుంత పడదని ఒక మిత్రుడు అంటున్నారు. దుకాణంలో అడిగితే 50 ఎంఎం ఎఫ్ 1.8 తక్కువ ధరకు వస్తుంది, అది చాలు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది కొనాలి? అసలు కొనవలసిన అవసరం ఉందా? మన వైపు ఎక్కడ, ఏ రోజుల్లో తీయడం మంచిదో కూడా అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కాజీపేట జంక్షన్ (జవాబు)

ఇప్పుడప్పుడే ఏ లెన్సూ కొనకండి. మీరు చెప్పిన వాటిలో నాలుగు వేర్వేరు ఇబ్బందులు కలిసిపోయి ఉన్నాయి. చుక్కలు ఉబ్బడం ఫోకస్ వల్ల, గీతలుగా సాగడం ఎక్స్‌పోజర్ సమయం వల్ల, పాలపుంత పడకపోవడం తక్కువ ఐఎస్‌ఓ వల్ల, ఆకాశం వెలిసిపోవడం ఊరి దీపాల వల్ల. ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా వీటిలో మొదటి రెండూ, చివరిదీ అలాగే ఉంటాయి.

ఫోకస్ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. మీ లెన్స్ మీద దూరాల గుర్తులు ఉండవు కాబట్టి అనంతం (చుక్కలంత దూరపు వాటికి సరిపోయే ఫోకస్) ఎక్కడ ఉందో రింగు చూసి తెలుసుకునే వీలు లేదు. రింగును చివరిదాకా తిప్పి వదిలేస్తే అది అనంతాన్ని దాటి పోతుంది. అందువల్ల లెన్స్ పక్కనున్న మీటను ఎంఎఫ్ (చేతితో ఫోకస్ చేయడం) వైపు జరిపి, స్టెబిలైజర్ ఆపి, జూమ్‌ను 18 దగ్గర ఉంచి, లైవ్ వ్యూలో (కెమెరా వెనుక తెర మీద చూస్తూ) ఆకాశంలోని బాగా వెలిగే చుక్క ఒకదాన్ని తెర మధ్యకు తెచ్చుకోండి. చలికాలంలోనూ ఫిబ్రవరి, మార్చి నెలల సాయంత్రాలలోనూ లుబ్ధకుడు (సిరియస్), వేసవి సాయంత్రాలలో స్వాతి ఇందుకు బాగా పనికివస్తాయి. భూతద్దం గుర్తున్న బటన్‌తో ఆ చుక్కను 10 రెట్లు పెద్దది చేసి, లెన్స్ ముందు అంచున ఉండే సన్నని రింగును వెంట్రుకవాసి మేర అటూ ఇటూ తిప్పుతూ పోతే చుక్క చిన్నదవుతూ వచ్చి, ఒక చోట అతి చిన్న బిందువై, ఇంకా తిప్పితే మళ్లీ పెద్దదవుతుంది. ఆ అతి చిన్న బిందువు దగ్గర ఆపి, రింగు కదలకుండా కాగితపు టేపు ముక్క అంటించండి. ఆ తరువాత జూమ్‌ను ముట్టుకోవద్దు. ఈ తరహా లెన్సులలో జూమ్ మారితే ఫోకస్ కూడా మారుతుంది, మళ్లీ మొదటినుంచి చేసుకోవలసి వస్తుంది.

ఇక సెట్టింగుల విషయం. మోడ్ డయల్‌ను ఎం మీద పెట్టండి. ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) 18 ఎంఎం దగ్గర ఈ లెన్స్ ఇవ్వగలిగిన ఎఫ్ 3.5, ఐఎస్‌ఓ 3200, సమయం 15 సెకన్లు, ఫైల్ జేపెగ్ కాకుండా రా (కెమెరా మార్పులు చేయని అసలు ఫైల్). షట్టర్ బటన్‌ను వేలితో నొక్కితే కెమెరా ఊగుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్ వాడండి. సమయానికి ఒక పాత లెక్క ఉంది: 500ను లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తోనూ, ఆపైన కెమెరా క్రాప్ ఫ్యాక్టర్‌తోనూ (ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ కన్నా మీ సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) భాగించాలి. మీ కెమెరాకు క్రాప్ 1.6 కాబట్టి 18 ఎంఎం దగ్గర 17 సెకన్లు వస్తుంది. మీరు పెట్టిన 30 దానికి దాదాపు రెట్టింపు.

ఐఎస్‌ఓ మీద ఉన్న భయం వదిలేయండి. గరుకుతనం ప్రధానంగా సెన్సర్‌కు వెలుతురు చాలకపోవడం వల్ల వస్తుంది. 400 దగ్గర తీసిన చీకటి ఫోటోను తరువాత కంప్యూటర్‌లో వెలిగిస్తే అదే గరుకు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువే, బయటపడుతుంది.

50 ఎంఎం లెన్స్ చెడ్డదేమీ కాదు, కానీ దాని పని వేరు. అదే లెక్క ప్రకారం దానితో 6 సెకన్లకు మించి తీయలేరు, అందులో పట్టే ఆకాశం కూడా సుమారు 25 డిగ్రీల వెడల్పే. మృగవ్యాధుడు (ఓరియన్) నిలువు ఫ్రేములో చక్కగా సరిపోతాడు, కృత్తికలు, రోహిణి కలిసి ఒకే ఫోటోలో వస్తాయి. పాలపుంతను నేలతో, చెట్లతో కలిపి చూపాలంటే మాత్రం మీ 18 ఎంఎంలో పట్టే 60 డిగ్రీల పైచిలుకు వెడల్పు కావాలి. నక్షత్ర మండలాల మీద ఇష్టం ఏర్పడితే అప్పుడు కొనుక్కోవచ్చు.

ములుగు తొవ్వ (జవాబు)

ఫోకస్ సంగతి పై మిత్రులు చెప్పారు కాబట్టి నేను చీకటి గురించి, దిక్కుల గురించి రాస్తాను. నా ఉద్దేశంలో కెమెరా కన్నా వంటగది గోడ మీద ఉండే తెలుగు క్యాలెండర్ ఈ పనికి ముఖ్యమైన సాధనం. తిథి చూస్తే చంద్రుడు ఎప్పుడు ఉంటాడో తెలిసిపోతుంది. అయితే చాలామంది అమావాస్య ఒక్కరోజే పనికివస్తుందనుకుంటారు, అది నిజం కాదు. సాయంత్రం పూట తీసేవారికి బహుళ పంచమి నుంచి అమావాస్య దాకా, ఆ మీద ఒకటి రెండు రోజులు అనుకూలం, ఎందుకంటే చంద్రుడు ఆలస్యంగా ఉదయిస్తాడు. తెల్లవారుజామున తీసేవారికి బహుళ పక్షం చివరి రెండు మూడు రోజులు తప్ప మిగతావి పనికిరావు. దానికి బదులుగా శుద్ధ అష్టమి వరకు ప్రతిరోజూ పనికివస్తుంది, చంద్రుడు అర్ధరాత్రి దాటిన కాసేపటికే అస్తమిస్తాడు కాబట్టి.

పాలపుంతలో బాగా వెలిగే భాగం వృశ్చిక, ధనూ రాశుల మధ్య ఉంటుంది. వరంగల్ 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందువల్ల ఆ భాగం మనకు దక్షిణాన 43 డిగ్రీల ఎత్తు దాకా వస్తుంది. లండన్ వంటి చోట అది దిగంతాన్ని అంటుకునే ఉంటుంది, కాబట్టి ఈ విషయంలో మనం అదృష్టవంతులం. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి నాడు వస్తుంది కనుక ఆ రాత్రి దాదాపు పూర్తిగా చీకటి. జాగారం చేసేవారికి ఉదయం నాలుగు గంటల ప్రాంతంలో ఆగ్నేయ దిక్కున ఆ భాగం కనిపిస్తుంది. ఉగాది ముందటి రాత్రి అమావాస్యే, అప్పుడు మూడు గంటలకల్లా అది దాదాపు 30 డిగ్రీల ఎత్తులో సరిగ్గా ఆగ్నేయంలో ఉంటుంది. మే నెలలో పదకొండు దాటితే చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మబ్బులతో ఆశ పెట్టుకోలేము. ఎంగిలిపూల బతుకమ్మ నాటి అమావాస్యకు మబ్బు విడిస్తే, చీకటి పడగానే నైరుతిలో దాదాపు తొమ్మిది వరకు దొరుకుతుంది. దీపావళి కూడా అమావాస్యే గానీ ఆ పొగలో తీయడం వృథా.

స్థలం ఎంచుకునేటప్పుడు ఊరు ఎంత దూరంలో ఉందన్నది ఒక్కటే చూడకూడదు, ఏ దిక్కున ఉందన్నది కూడా చూడాలి. ములుగు వైపు నుంచి చూస్తే వరంగల్ వెలుగు నైరుతిలో ఉంటుంది. అందుకే రామప్ప, లక్నవరం ప్రాంతాలు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆగ్నేయం వైపు తీయడానికి ఎంత బాగుంటాయో, అక్టోబరు సాయంత్రాలకు అంత బాగుండవు. అక్టోబరుకు పాకాల వైపు మెరుగు, ఎందుకంటే అక్కడి నుంచి నర్సంపేట, వరంగల్ రెండూ పడమర వైపు ఉండిపోతాయి. రామప్ప నుంచి ఉత్తరం వైపు తిరిగితే భూపాలపల్లి గనుల వెలుగు, చెల్పూరు విద్యుత్ కేంద్రం వెలుగు ఫోటోలో పడతాయి. లక్నవరంలో టూరిజం వారి బస ఉంది గనుక రాత్రి ఉండవచ్చు గానీ, వేలాడే వంతెన మీది దీపాలు ఫ్రేములోకి రాకుండా నిలబడాలి.

రామప్ప గుడి ఆవరణలో రాత్రిపూట ట్రైపాడ్ పెట్టడం పురావస్తు శాఖ అనుమతి లేకుండా కుదరదు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాలలోకి చీకటి పడ్డాక వెళ్లవద్దు. నిజానికి మీకు ఇవేవీ అవసరం లేదు, మీ అక్కగారి ఊరే మంచి చోటు. పరకాల నుంచి వరంగల్ దక్షిణ నైరుతిలో ఉంటుంది, కాబట్టి మూడు గంటలకు ఆగ్నేయం వైపు తిరిగి తీస్తే నగరం వెలుగు మీ ఫ్రేముకు కుడిపక్కన బయటే ఉండిపోతుంది. నాలుగున్నర దాటేసరికి పాలపుంత దక్షిణానికి జరిగి ఆ వెలుగుకు దగ్గరవుతుంది. పొలం ఎవరిదైతే వారికి ముందుగా ఒక మాట చెప్పండి. అర్ధరాత్రి బావి దగ్గర మూడు కాళ్ల సామాను పెట్టుకుని తిరిగే కొత్త మనిషిని చూస్తే మోటార్ దొంగ అనుకుంటారు, అలా అనుకోవడంలో వారి తప్పు కూడా లేదు. బూట్లు వేసుకోండి, గట్టు మీద టార్చి వేసి చూసుకుంటూ నడవండి. ఆ టార్చికి ఎర్ర కాగితం చుడితే కళ్లు చీకటికి అలవాటు పడిన స్థితి చెడదు.

ఫిల్మ్ రీలు (జవాబు)

కాజీపేట మిత్రులు చెప్పిన 500 లెక్కతో నాకు పేచీ ఉంది. అది ఫిల్మ్ కాలంలో, ఫోటోను చిన్న ప్రింటుగా చూసుకునే రోజులలో పనికివచ్చిన లెక్క. 1500డిలో 24 మెగాపిక్సెల్స్ ఉన్నాయి, అంటే 22.3 మిల్లీమీటర్ల వెడల్పులో 6000 పిక్సెల్స్. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి 18 ఎంఎం దగ్గర, ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే రేఖ) మీదున్న చుక్క 30 సెకన్లలో పది పిక్సెల్స్‌కు పైగా, 17 సెకన్లలో ఆరు, 10 సెకన్లలో మూడున్నర జరుగుతుంది. ఆరు పిక్సెల్స్ గీత ఫోన్ తెర మీద తెలియకపోవచ్చు గానీ, కంప్యూటర్‌లో పెద్దది చేసి చూసేవారికి గుచ్చుకుంటుంది. నేనైతే 10 సెకన్లకే ఆగి, ఒకే ఫోటో మీద ఆధారపడకుండా వరుసగా చాలా తీస్తాను. ఉత్తరం వైపు తిరిగినప్పుడు ఈ నియమం అంత కఠినం కాదు. ధ్రువ నక్షత్రానికి దగ్గరగా ఉన్న చుక్కలు మెల్లగా జరుగుతాయి కనుక అక్కడ 25 సెకన్లు కూడా చెల్లుతుంది.

ట్రైపాడ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. తేలికపాటి ట్రైపాడ్‌కు మధ్య కర్రను పైకి లేపడమంత చెడు ఇంకొకటి లేదు. దానిని పూర్తిగా దించి, కాళ్లలో లావుగా ఉన్న పై భాగాలను మాత్రమే చాపండి, సన్నని కింది భాగాలు లోపలే ఉండనివ్వండి. కెమెరా ఎత్తు తగ్గితే మోకాళ్ల మీద కూర్చుని చూడవలసి వస్తుంది, అంతే. కెమెరా పట్టీ గాలికి కొట్టుకుంటుంది కాబట్టి తీసేయండి. మధ్య కర్రకు బరువు సంచి వేలాడదీస్తే అది ఊగకుండా అడుగు భాగం నేలను తాకేలా ఉండాలి. డాబా మీద తీసేటప్పుడు షట్టర్ తెరుచుకుని ఉండగా అటూ ఇటూ నడిస్తే ఆ అదురు కూడా ఫోటోలో పడుతుంది.

హనుమకొండ డాబాను అంత తేలిగ్గా తీసిపారేయకండి. పాలపుంత దొరకదు గానీ, చుక్కలు గీసే వృత్తాల ఫోటో అక్కడి నుంచే తీయవచ్చు. ఐఎస్‌ఓ 400, ఎఫ్ 5.6, 20 సెకన్లు పెట్టి, డ్రైవ్ మోడ్‌ను కంటిన్యువస్‌కు మార్చి, తక్కువ ధరకు దొరికే వైరు రిమోట్ బటన్‌కు తాళం వేస్తే కెమెరా దానంతట అదే ఒకదాని వెంట ఒకటి తీస్తూ పోతుంది. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయడం మరువవద్దు, లేకపోతే ప్రతి ఫోటో తరువాత కెమెరా అంతే సేపు ఆగి గీతలను తుంపేస్తుంది. గంట సేపు తీసిన ఫోటోలను ఉచితంగా దొరికే స్టార్‌స్టాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ప్రతి చుక్కా 15 డిగ్రీల చాపంగా వస్తుంది. మనకు ధ్రువ నక్షత్రం 18 డిగ్రీల ఎత్తులోనే, అంటే చేయి చాచి పట్టిన రెండు పిడికిళ్ల కన్నా కాస్త కిందే ఉంటుంది. వృత్తాల కేంద్రం నేలకు అంత దగ్గరగా ఉండటం వల్ల మీ నీళ్ల ట్యాంకును గానీ, ఎదుటి ఇంటి పిట్టగోడను గానీ దాని కింద పెట్టుకుని ఫ్రేము కట్టుకోవచ్చు. ఒకవైపు వీధి దీపం నేరుగా లెన్స్ మీద పడుతుంటే చేతి గొడుగు అడ్డం పెట్టుకోండి, నేను నవ్వులాటకు చెప్పడం లేదు.

హనుమకొండ డాబా (ప్రశ్నించినవారు)

అందరికీ కృతజ్ఞతలు. లెన్స్ ఏదీ కొనలేదు. ఉగాది ముందటి రాత్రి పరకాల దగ్గర మా అక్కవాళ్ల చేను గట్టు మీద, మూడు గంటల ప్రాంతంలో ఎఫ్ 3.5, ఐఎస్‌ఓ 3200తో 10 సెకన్లవీ 15 సెకన్లవీ రెండు రకాలూ తీశాను. లైవ్ వ్యూలో పెద్దది చేసి స్వాతి నక్షత్రం మీద ఫోకస్ చేసుకున్నాను. కెమెరా తెర మీదే పాలపుంత కనిపించింది, వృశ్చికం తోక వంపు, జ్యేష్ఠ నక్షత్రపు ఎర్రదనం రెండూ తెలుస్తున్నాయి. ఫిల్మ్ రీలు గారు చెప్పినట్టు 10 సెకన్ల ఫోటోలలో చుక్కలు మరింత గుండ్రంగా ఉన్నాయి, అయితే అవి చీకటిగానూ బాగా గరుకుగానూ ఉన్నాయి.

రెండు సందేహాలు మిగిలాయి. ఫ్రేము మూలల్లో చుక్కలు గుండ్రంగా కాకుండా త్రికోణంలాగా వస్తున్నాయి. మధ్యలో మాత్రం బాగానే ఉన్నాయి. రెండవది, వరుసగా తీసిన 10 సెకన్ల ఫోటోలన్నింటినీ కలపడం ఎలాగో, కలిపినప్పుడు నేల మీది తాటిచెట్టు చెరిగిపోకుండా ఎలా చూసుకోవాలో చెప్పగలరా?

కాజీపేట జంక్షన్ (జవాబు)

10 సెకన్ల విషయంలో ఫిల్మ్ రీలు గారి మాటే సరి, ఫోటోలు కలపదలచుకున్నవారికి అదే మంచిది. ఒకే ఫోటోతో సరిపెట్టుకునేవారికి మాత్రం 15 సెకన్లు చెబుతాను.

మూలల్లో చుక్కలు అలా రావడం లెన్స్ స్వభావం. మీ ఫోకస్‌లో లోపం ఉంటే మధ్యలో కూడా ఉబ్బి ఉండేవి. ఎపర్చర్‌ను ఎఫ్ 4.5కు తగ్గిస్తే కొంత సర్దుకుంటుంది గానీ వెలుతురు దాదాపు నలభై శాతం పోతుంది. ఆ నష్టం భరించడం కన్నా ఎఫ్ 3.5 దగ్గరే తీసి, తరువాత అంచులను కాస్త కత్తిరించుకోవడం మేలు.

కలపడానికి విండోస్ కంప్యూటర్ ఉంటే సీక్వేటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. రా ఫైళ్లను నేరుగా అందులో వేయవచ్చు. వాటితో పాటు, అక్కడే, అదే ఐఎస్‌ఓ, అదే సమయంతో లెన్స్ మూత పెట్టి పది దాకా నల్ల ఫోటోలు తీసి పెట్టుకుంటే సెన్సర్‌లో వేడికి పుట్టే రంగు చుక్కలను అది వాటి ఆధారంగా తీసివేస్తుంది. ఇంటికి వచ్చాక వేరే వాతావరణంలో తీసిన నల్ల ఫోటోలు అంత బాగా పనిచేయవు. ఆకాశం ఎక్కడి వరకు ఉందో బ్రష్‌తో పూసి, నేలను స్థిరంగా ఉంచే ఫ్రీజ్ గ్రౌండ్ అనే ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే చుక్కలను ఒకదాని మీద ఒకటి సరిచేస్తూనే మీ తాటిచెట్టును కదలకుండా ఉంచుతుంది. చెట్టు ఆకుల మధ్య సందులు ఉంటే అక్కడ కొంత మసక మిగులుతుంది, అది తప్పదు.

గరుకుతనం ఫోటోల సంఖ్య వర్గమూలం చొప్పున తగ్గుతుంది. 16 ఫోటోలు కలిపితే నాలుగో వంతుకు వస్తుంది, దానిని మళ్లీ సగం చేయాలంటే 64 కావాలి. అందుకే ఇరవై, ముప్పై తరువాత శ్రమకు తగిన ఫలితం ఉండదు. వచ్చిన టిఫ్ ఫైల్‌ను జింప్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, లెవెల్స్‌లో నలుపు వైపు జారుడును గ్రాఫ్ మొదలయ్యే చోటుకు తెచ్చి, మధ్య జారుడును కొద్దిగా ఎడమకు జరపండి. పాలపుంత లేచి వస్తుంది. ఆకాశంలో పసుపు ఛాయ మిగిలితే కలర్ బ్యాలెన్స్‌లో నీలాన్ని కొంచెం పెంచండి. చాలామంది ఇక్కడ ఆగకుండా ఆకాశమంతా ఊదారంగు పులిమేస్తున్నారు, పరకాల చేను మీద అటువంటి ఆకాశం ఎవరూ చూసి ఉండరు. మొదటిసారి కలిపేటప్పుడు 10 సెకన్లవి, 15 సెకన్లవి ఒకే దానిలో వేయకుండా విడివిడిగా చేసి చూడండి.